‘లేదు’కీ ‘కనబడలేదు’కీ మధ్య

సూది బయటికి లాగి, దూది పెట్టి, ‘‘ఐదు నిమిషాలు గట్టిగా అదిమి పట్టుకోండమ్మా’’ అన్నానో లేదో, ఆవిడ అడగనే అడిగింది. ‘‘ఇంతకీ ఉందంటారా, లేదంటారాండీ డాక్టరమ్మగారూ?’’

పలక మీద చుక్క ఇంకా ఆరలేదు. రంగు వెయ్యలేదు. మైక్రోస్కోపు మీద కప్పిన గుడ్డ కూడా తియ్యలేదు. ముప్ఫై ఏళ్లుగా వింటున్న ప్రశ్నే అయినా ఆ క్షణంలో ముఖం ఎటు తిప్పుకోవాలో నాకిప్పటికీ తెలియదు. వచ్చినవాళ్లు నా కళ్లలోకే చూస్తారు. లోపల ఏముందో వేళ్లకి అప్పుడే తెలిసిపోయి ఉంటుందని, కావాలనే దాస్తున్నానని వాళ్ల అనుమానం. నేను దూది వంక చూస్తాను.

నేను పాథాలజిస్టుని. రక్తపరీక్ష కాగితం అడుగున కోడి గెలికినట్టు ఓ సంతకం ఉంటుంది చూడండి, అది మాలాంటివాళ్లదే. మా పనంతా గాజుపలకలతో. మనిషి ముఖం చూసే అవసరం తక్కువ. సూది పరీక్ష ఒక్కటే అందుకు మినహాయింపు. చీటీ మీద డాక్టర్లు ఎఫ్‌ఎన్‌ఏసీ అని రాస్తారు, జనం నీడిల్ టెస్టు అంటారు. బయాప్సీ అన్న మాట చెవినబడితే సగం మంది కుర్చీలోనే నీరుగారిపోతారు గనక నేను ఆ మాట వాడను. అందులో మోసమేమీ లేదు. ఇది ముక్క పరీక్ష కాదు, ముక్క తియ్యం. అర మిల్లీమీటరు మందం సూదితో గడ్డలోంచి కాసిని కణాలు తెచ్చి పలక మీద పరుస్తాం. అంత కాస్త సరుకు చూసి థైరాయిడ్ గడ్డ మంచిదో చెడ్డదో ఎంత కచ్చితంగా చెప్పగలరని ఈ మధ్య ఒక పాఠకుడు అడిగాడు. చిన్న జవాబుతో పోయే ప్రశ్న కాదది.

మా నాన్న ధాన్యం బేరాలు చేసేవాడు. ఆయన చేతిలో ఎప్పుడూ ఒక ఇనప గొట్టం ఉండేది, ఒక కొస మొనదేలి, మధ్యలో గాడి పెట్టి. బస్తా కుట్టు విప్పకుండానే గోనెలోకి ఓ పోటు పొడిచి లాగితే గుప్పెడు గింజలు అరచేతిలోకి జారేవి. ఒక గింజ పంటికింద వేసి కొరికి తేమ చెప్పేవాడు. ఊది తాలు చెప్పేవాడు. రైతు ‘‘చూశారుగా, బంగారంలాంటి సరుకు’’ అంటుంటే వినిపించుకోనట్టు అదే బస్తాలో పక్కన ఇంకో పోటు, అడుగున మరో పోటు. ‘‘పైన మంచి గింజ పోసి కుట్టినవాడు అడుగున ఏం పోశాడో పై పోటుకి తెలీదే అమ్మడూ’’ అనేవాడు. నేను వైద్యం చదివింది విశాఖపట్నంలో గానీ, ఒక గడ్డలో మూడు నాలుగు చోట్ల గుచ్చాలన్న పాఠం మాత్రం ఆ కళ్లాల్లోనే విన్నాను.

భుజాల కింద దిండు పెట్టి తల వెనక్కి వాలుస్తాం. గుటక వెయ్యమంటాను. థైరాయిడ్ గడ్డయితే గుటకతో పాటు పైకి లేచి దిగుతుంది. దాన్ని ఎడమచేతి రెండు వేళ్ల మధ్య ఇరికించి పట్టుకున్నాక ఇక మాటలు లేవు, గుటకలు లేవు. సూది లోపలికెళ్లాక కొద్ది సెకన్లే, కుట్టుమిషను సూదిలా చకచకా ముందుకీ వెనక్కీ. ఎక్కువసేపు ఉంచితే వచ్చేది నెత్తురే. థైరాయిడ్‌కి రక్తప్రసారం అంత ఎక్కువ. అందుకే చాలాసార్లు సిరంజి తగిలించను. ఒట్టి సూదిని ఆడిస్తే చాలు, వత్తిలోకి నూనె ఎక్కినట్టు కణాలు వాటంతటవే సన్నని గొట్టంలోకి ఎక్కుతాయి.

చేతికి తెలిసేది కొంత ఉంటుంది, దాన్ని రిపోర్టులో రాయడానికి గడి ఉండదు. మెత్తటి గడ్డలోకి సూది వెన్నలోకి దిగినట్టు దిగిపోతుంది. సున్నం పట్టిన గడ్డయితే ఇసుకలో గుచ్చినట్టు గరగరలాడుతుంది. ఆ గరగర తగిలిందంటే నాకు నిద్రమత్తు వదిలిపోతుంది. ఆ తర్వాత పలక మీద చుక్క పరచడం. సూది గుచ్చడం గురించి అందరూ భయపడతారు గానీ, పరీక్షలు ఎక్కువగా చెడిపోయేది ఇక్కడే. కొన్ని పలకలు గాలికి ఆరాలి, గీమ్సా రంగుకి. మిగతావి ఆరకముందే ఆల్కహాల్లో మునగాలి, పాపనికొలావ్ రంగుకి. ఆ ముంచడం కాస్త ఆలస్యమైతే కణాలు ఉబ్బిపోయి కేంద్రకంలో చూడాల్సిన గీతలన్నీ చెరిగిపోతాయి. ఆ కాసేపు నా ఫోను మోగితే మోగనీ.

రంగు పడ్డాక కనిపించేది ఒక లోకం. కొల్లాయిడ్ అనేది థైరాయిడ్ తనలో నిలవ చేసుకునే జిగురు. సూదిలోంచి పడేటప్పుడు ఆముదంలా ఉంటుంది, పలక మీద ఆరితే వేసవి చెరువు నెర్రెలిచ్చినట్టు పగుళ్లు. చెరువంత కొల్లాయిడు, అక్కడక్కడ బుద్ధిమంతుల్లాంటి కణాలు ఉంటే మనసు కుదుటపడుతుంది. పాపిలరీ అనే రకం కేన్సర్లో అదే కొల్లాయిడ్ ముదురుపాకంలా తీగలు సాగి ఉంటుంది. కణాల కేంద్రకాలు పాలిపోయి, గోధుమగింజ మీది గాడిలా ఒక్కో గీతతో కనిపిస్తాయి. కొన్నింటి నడుమ కంత పెట్టినట్టు గుండ్రటి ఖాళీ. ఆ మూడూ ఒకేచోట కనబడ్డ రోజు కాఫీ చల్లారిపోతుంది.

కొల్లాయిడ్ అంటే ఇంకో సంగతి గుర్తొస్తుంది. మేం విశాఖలో చదువుకునే రోజుల్లో అక్కడి పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి మన్యం నుంచి వచ్చే ఆడవాళ్ల మెడల్లో పెద్ద పెద్ద గడ్డలుండేవి. ఉప్పులో అయోడిన్ లేక గ్రంథి ఊరి ఊరి పెరిగినవే ఎక్కువ. మాకు ముందు అదే కాలేజీలో చదివి, పాథాలజీలోనే పేరు తెచ్చుకున్న శ్రీకాకుళం మనిషి వులిమిరి రామలింగస్వామి, హిమాచల్లోని కాంగ్రా లోయలో 1956లో మొదలుపెట్టిన ప్రయోగంలో ఉప్పుకి అయోడిన్ కలిపితే ఈ గడ్డలు తగ్గుతాయని చూపించాడు. దాని ఆధారంగానే 1962లో కేంద్రం గలగండ నివారణ కార్యక్రమం పెట్టింది. జీవితమంతా మైక్రోస్కోపులో చూసే మనిషి, చూడాల్సిన పలకలే తగ్గిపోయే దారి కనిపెట్టాడు. మా వృత్తిలో అంతకంటే గొప్ప పని నాకు తెలియదు.

ఇక లెక్కల దగ్గరికి వద్దాం. సూదితో గడ్డలోంచి కణాలు పీల్చి చూడటం కొత్తదేం కాదు. న్యూయార్క్ మెమోరియల్ ఆస్పత్రిలో మార్టిన్, ఎల్లిస్ అనే ఇద్దరు 1930లోనే రాశారు. అయితే వాళ్లు వాడింది 18 గేజి సూది, మన లెక్కలో దబ్బనం. అమెరికాలో అది అంతగా పాకలేదు. సన్న సూది పట్టుకుని ఆ విద్యని నిలబెట్టినవాళ్లు స్టాక్‌హోమ్ వాళ్లు, 1950లు, 60లలో. వాళ్లలో ముఖ్యుడు ఫ్రాన్‌జేన్ రక్తవ్యాధుల వైపు నుంచి వచ్చినవాడు కావడంతో నెత్తురు పలకలకి వాడే గీమ్సా రంగునే గడ్డలకీ వాడాడు. ఈ రోజుకీ మా లేబులో ఆ సీసా పక్కనే పాపనికొలావ్ సీసా, అత్తాకోడళ్లలా. ఒకటి చూపించేది ఇంకోటి చూపించదు, రెండూ లేకపోతే ఇల్లు గడవదు.

1993లో మేయో క్లినిక్‌కి చెందిన గరీబ్, గోల్నర్ అప్పటిదాకా వచ్చిన పెద్ద అధ్యయనాలు కొన్ని కలిపి చూశారు. సగటున వంద కేన్సర్ గడ్డల్లో 83ని సూది పట్టుకుంటోంది. కేన్సర్ కాని వంద గడ్డల్లో 92ని సరిగ్గా వదిలేస్తోంది. సగటు వెనక ఉన్న తేడా చూడండి: మొదటి అంకె ఒకచోట 65, ఇంకోచోట 98. సూది అదే, రంగులూ అవే. తేడా ఎక్కడుందంటే గుచ్చిన చేతిలో, పరచిన చేతిలో, చూసిన కంట్లో, ‘సరిపోలేదు’ అన్న పలకల్ని లెక్కలో కలిపారా పక్కన పెట్టారా అన్నదాంట్లో. సూది పరీక్ష ఎంత కచ్చితం అని ఎవరైనా అడిగితే నాకు ఎదురు ప్రశ్న వేయాలనిపిస్తుంది, ఎవరి సూది అండీ అని.

అంకెల్లో ఇంకో కిటుకుంది, డాక్టర్లు కూడా మరిచిపోయేది. మంచి గడ్డ అని నేను రాసినవాళ్లలో ఎక్కువమందికి ఆపరేషన్ జరగదు. జరగకూడదనే కదా పరీక్ష. మరి నా మాట తప్పో ఒప్పో తేలేది ఎలా? ఏదో అనుమానం మిగిలి కోయించుకున్న కొద్దిమందిని బట్టే. ఆ కొద్దిమందీ మామూలువాళ్లు కారు, అనుమానమున్నవాళ్లు. కాబట్టి ‘మంచిది’ అన్న మాట ఎంత తరచుగా తప్పుతుందో అచ్చంగా చెప్పగలిగినవాడు లేడు, కాస్త ఎక్కువ చేసి చెబుతున్నామని మాత్రం అనుకోవచ్చు.

ఒకప్పుడు ఒక్కో లేబుది ఒక్కో భాష. ‘కొంచెం తేడాగా ఉన్నాయి’, ‘కేన్సర్ అని చెప్పలేం, కాదనీ చెప్పలేం’ అని తోచినట్టు రాసేవాళ్లం. సర్జను తలపట్టుకునేవాడు. 2007లో అమెరికాలోని బెథెస్డా అనే ఊళ్లో అందరూ కూర్చుని ఆరు గదులు కట్టారు. ఒకటి, సరుకు చాలలేదు. రెండు, మంచిది. మూడు, తేల్చలేని తేడా. నాలుగు, ఫాలిక్యులర్ గడ్డ. ఐదు, కేన్సర్ అనుమానం. ఆరు, కేన్సర్. 2023లో వచ్చిన మూడో కూర్పు ప్రకారం ఈ గదుల్లో కేన్సర్ ఉండే అవకాశం సగటున వరసగా 13, 4, 22, 30, 74, 97 శాతం. ‘సరుకు చాలలేదు’ అన్నదానికి 13, ‘మంచిది’ అన్నదానికి 4. అంటే ఏమీ కనబడకపోవడం మంచి కనబడటం కంటే మూడు రెట్లు ప్రమాదం. సరుకు చాలిందనడానికి కూడా కొలత పెట్టారు: ఒక్కో గుంపుకి కనీసం పది కణాల చొప్పున ఆరు గుంపులు.

ఈ నంబర్లతో ఓ కొత్త తలనొప్పి. మొన్నామధ్య రాత్రి పదకొండుకి మా పిన్ని కూతురు ఏడుస్తూ ఫోన్ చేసింది. ‘‘అక్కా, మా ఆడపడుచుకి నాలుగంట. నాలుగో స్టేజీ అంట.’’ రిపోర్టు ఫొటో పంపమంటే తేలింది, అది సూది పరీక్షే కాదు, స్కానింగు. టైరాడ్స్ నాలుగు. స్కానింగులో గడ్డ వాలకం చూసి వేసే అంకె వేరు, సూది తర్వాత మేం వేసే అంకె వేరు, కేన్సర్ స్టేజీ అసలు వేరే లెక్క. మూడింటికీ అంకెలే పెట్టిన మహానుభావులు ఎవరోగానీ, మన ఇళ్లలో రాత్రిపూట వచ్చే ఫోన్లు వాళ్లకి వినబడవు. వారం తర్వాత ఆ అమ్మాయికి సూది పరీక్ష చేస్తే రెండు వచ్చింది. ‘‘నాలుగు రెండైంది, తగ్గింది’’ అని సంబరపడ్డారు. నేను సరిదిద్దలేదు.

నాలుగో గది గురించి మాత్రం సరిదిద్దాలి. ఫాలిక్యులర్ గడ్డల్లో కేన్సరైనదానికీ కానిదానికీ కణాలు ఒకేలా ఉంటాయి. తేడా అంతా గడ్డ చుట్టూ ఉండే పొరలో ఉంది. కణాలు ఆ పొర చీల్చుకుని బయటికొచ్చాయా, రక్తనాళంలోకి దూరాయా అన్నదే కేన్సర్‌కి గుర్తు. నాన్న గొట్టం గింజ ఎలాంటిదో చెబుతుంది, బస్తాకి చిల్లుందో లేదో చెప్పదు. దానికి బస్తా మొత్తం తిరగేసి చూడాలి. అంటే గడ్డ ఉన్న వైపు గ్రంథి తీసి, పొర పొడవునా కోసి చూడాలి. నాలుగు అని వచ్చి ఆపరేషన్ చేయించుకుని, చివరికి కేన్సర్ కాదని తేలినవాళ్లు కోపంగా వస్తారు. ‘‘అనవసరంగా కోయించారు’’ అంటారు. వాళ్ల కోపం న్యాయమే. నా దగ్గర ఉన్న జవాబూ న్యాయమే. రెండూ ఒకదానికొకటి అతకవు. ఇలాంటి తేలని పలకల కోసం జన్యుపరీక్షలు వచ్చాయి, మా ఊరి రోగికి వాటి ధర ఆపరేషన్ ఖర్చుతో పోటీపడేలా ఉంటుంది. అందుకే వాటి మాట నేనే ఎత్తను, అడిగినవాళ్లకి చెబుతాను.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. ఇరవై ఏళ్లు దాటింది. ఒక టీచరమ్మ, నలభై ఏళ్లుంటాయి, మెడ కుడిపక్క నిమ్మకాయంత గడ్డ. సిరంజి లాగగానే టీ డికాషన్ రంగు నీళ్లు ఎనిమిది మిల్లీలీటర్లు వచ్చాయి. గడ్డ మాయం. ఆవిడ మెడ తడుముకుని నవ్వింది, నేనూ నవ్వాను. పలకల మీద చెత్త మింగే కణాలు తప్ప థైరాయిడ్ కణమన్నది ఒక్కటి లేదు. ‘నీటితిత్తి, కేన్సర్ కణాలు లేవు’ అని రాశాను. అబద్ధం రాశానా? పలక మీద లేవు మరి. రెండేళ్లకి ఆవిడ మెడ పక్కన ఇంకో బిళ్ల కట్టింది. ఈసారి గోధుమగింజ గాళ్లు నిండుగా ఉన్నాయి. పాపిలరీ కేన్సర్లు కొన్ని నీళ్లు నింపుకుని కూర్చుంటాయి. నీళ్లు పోయాక గోడకి అంటుకున్న కాస్త కండలో ఉంటుంది అసలు సంగతి. నీళ్లు తీశాక మిగిలినదేమైనా ఉందా అని తడిమి, స్కానింగు పెట్టించి, ఉంటే అక్కడ మళ్లీ గుచ్చి ఉండాల్సింది. గడ్డ మాయమైందన్న ముచ్చటలో ఆ పని చెయ్యలేదు.

ఆవిడ బాగానే ఉంది, ఆ కేన్సర్ నెమ్మదైన జాతి. కాకపోతే చిన్న కోతతో పోయేది చెవి కిందదాకా వెళ్లింది. నన్ను ఒక్క మాట అనలేదు. పాత రిపోర్టు మడతలు విప్పి బల్లమీద పెట్టి, తెలుగు టీచరు కదా, ఆ వాక్యం మీద వేలు పెట్టి అడిగింది, ‘‘లేవు అని రాశారు. కనబడలేదు అని రాసి ఉంటే నేను మళ్లీ వచ్చేదాన్నేమో కదండీ?’’

అప్పట్నుంచి మా లేబులో ఒట్టి నీళ్లు మాత్రమే వచ్చిన గడ్డకి ‘మంచిది’ అని రాయడం లేదు. తర్వాత బెథెస్డా వాళ్లూ దాన్ని మొదటి గదిలోనే, సరుకు చాలని గదిలోనే పెట్టారని చదివినప్పుడు నాకు టీచరమ్మ వేలే కళ్లముందు కదిలింది.

సూది తప్పు చెప్పడం ఒక రకం నష్టమైతే, నిజం చెప్పడం ఇంకో రకం. దక్షిణ కొరియాలో ఆరోగ్య పరీక్షలకి వచ్చినవాళ్లకి ఇంకాస్త డబ్బు తీసుకుని మెడ కూడా స్కాన్ చెయ్యడం మొదలెట్టారు. 2011 నాటికి అక్కడ థైరాయిడ్ కేన్సర్ నిర్ధారణలు 1993తో పోలిస్తే పదిహేను రెట్లయ్యాయి. ఆ కేన్సర్‌తో చనిపోయేవాళ్ల సంఖ్య మాత్రం ఉన్నచోటే ఉంది. ఆ సూదులు అబద్ధం చెప్పలేదు, అవి కేన్సర్లే. జీవితాంతం కదలకుండా పడి ఉండే ఆవగింజల్ని లేపి వేలమంది మెడలు కోశారు. వేరే కారణాలతో చనిపోయినవాళ్ల థైరాయిడ్లు కోసి చూసిన ఫిన్లాండ్ వాళ్లకి 1985లోనే నూటొక్కమందిలో 36 మందిలో ఇలాంటివి దొరికాయి. మన ఊళ్లలోనూ ఇప్పుడు ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీలున్నాయి. అయిదు మిల్లీమీటర్ల చుక్క పట్టుకుని సూది వెయ్యమని వస్తారు. చుట్టూ బిళ్లల్లేకపోతే, ఇంట్లో ఎవరికీ లేకపోతే, నేను వెయ్యను. డబ్బులు కడతామన్నా వెయ్యను. పక్క లేబుకి వెళ్తారు, తెలుసు.

‘సూది గుచ్చితే కేన్సర్ కదిలి పాకుతుందట’ అన్న భయం మాత్రం ఇన్నేళ్లయినా చావలేదు. ఇంత సన్న సూదితో అలా జరగడం అత్యంత అరుదు. మామూలుగా జరిగేది కాస్త నెత్తురు కమ్మి మెడ నల్లబడటం. అందుకే ఆ ఐదు నిమిషాల దూది.

మొదట చెప్పిన ఆవిడ పలకలు ఆ సాయంత్రమే చూశాను. నెత్తురు ఎక్కువ. నాలుగు గుంపులు బాగానే ఉన్నాయి, రెండింట్లో కేంద్రకాలు కొంచెం పాలిపోయాయి. గాడి అనుకుంటే గాడి, మడత అనుకుంటే మడత. పక్క ఊళ్లో ఉన్న నా జూనియర్‌కి కూడా పంపాను. ‘‘మూడే మేడమ్’’ అన్నాడు. మూడే రాశాను, ‘మళ్లీ పరీక్ష అవసరం’ అని చేర్చి, ఆవిడకి నేనే ఫోన్ చేశాను.

‘‘మళ్లీ గుచ్చాలమ్మా. సంక్రాంతి వెళ్లాక రండి, స్కానింగులో చూసుకుంటూ గుచ్చుదాం.’’

‘‘అంటే మీకు తెలీలేదాండీ?’’

‘‘తెలీలేదమ్మా.’’

అవతల కాసేపు మాట లేదు. వెనక కుక్కర్ కూత వినబడింది.

‘‘సంక్రాంతికి కొత్తల్లుడు వస్తాడండీ. ముక్కనుమ దాటాకే కుదురుద్ది నాకు’’ అంది. తర్వాత గొంతు తగ్గించి, ‘‘మళ్లీ డబ్బులు తీసుకుంటారాండీ?’’

‘‘తీసుకోనమ్మా.’’

‘‘ఊరికే చేయించుకోనండీ. సగం తీసుకోండి పోనీ.’’